మధుమేహమున రక్తము ఏల గడ్డకట్టును?

మైపాడు తీరపు పల్లెనుండి ఒక శ్రోత మాకొక జాబు వ్రాసినారు. జాబు చిన్నది, అందలి ప్రశ్న మాత్రము పెద్దది. వారి మాటలలోనే దానిని ఇచ్చుచున్నాము: “మా నాయనకు పదేండ్లనుంచి షుగరు. ఒక రాత్రి చెమటలు పోసినయ్యి, ఆయాసమొచ్చింది. రొమ్ములో నొప్పి లేదన్నాడు. గ్యాసేమోనని సోడా తాపించినాం. తెల్లారేసరికి మనిషి లేడు. గుండెకాడ రగతం గడ్డకట్టిందన్నారు. ఇప్పుడు మా అన్నకూ షుగరొచ్చింది. పక్కింటాయన రగతం పల్చబడే బిళ్ళ మింగతా ఉండాడని, అన్న కూడా దినమూ ఒకటి మింగతా ఉండాడు. మింగొచ్చునా, కూడదా? మీరే చెప్పాల.”

ఈ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. వానినిబట్టి మన దేశమున సుమారు 10 కోట్ల 10 లక్షల మంది మధుమేహముతో జీవించుచున్నారు. ఇది పట్టణములకే పరిమితమైన వ్యాధి అనుకొను రోజులు గతించినవి. గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో ఒక ఏడాది కాలమున సంభవించిన 1,354 మరణములకు కారణములు విచారించి, 2006లో ఒక నివేదిక ప్రకటించిరి. నూటికి 32 మరణములు గుండెకు, రక్తనాళములకు సంబంధించినవిగా తేలినవి. ఆ ప్రాంతపు గ్రామములలోనే ముప్పదియేండ్లు దాటినవారిలో నూటికి 13 మందికి మధుమేహము కలదని మరియొక పరిశీలనలో తెలిసినది. మధుమేహమునకును, రక్తము గడ్డకట్టుటకును గల బంధము తెలిసినగాని పై జాబునకు సమాధానము చెప్పుటకు వీలులేదు. కావున మొదట రక్తపు స్వభావమును కొంత తెలిసికొందము.

రక్తము గడ్డకట్టుట శత్రువు కాదు; మన ప్రాణమునకు అది కాపలా. చేప కోయుచుండగా కత్తిపీట వ్రేలికి తగులును. కొన్ని నిమిషములు రక్తము కారును, పిదప నిలిచిపోవును. ఈ పనికి మొదట పూనుకొనునవి ప్లేట్‌లెట్లు. పాఠ్యపుస్తకములలో వీనిని రక్తఫలకికలు అందురు. డెంగ్యూ జ్వరము పుణ్యమా అని ప్లేట్‌లెట్లు అను మాట నేడు పల్లెపల్లెకును తెలిసినది. ఎముకలలోని మూలుగలో పుట్టు ఈ ఫలకికలు చాల చిన్నవి. ఒక మిల్లీమీటరును వేయి భాగములు చేసిన, అందు రెండు మూడు భాగముల వెడల్పు మాత్రమే వీనికుండును. ఆరోగ్యవంతుని రక్తమున ఒక్క ఘన మిల్లీమీటరులో లక్షన్నర మొదలు నాలుగున్నర లక్షలవరకు ఉండును. వీని ఆయువు ఏడు మొదలు పది దినములు. రక్తనాళమునకు దెబ్బ తగిలినచోట ఇవి అంటుకొని పోగగునని 1882లో ఇటలీ దేశపు టూరిన్ నగరమున బిజోజెరో అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను.

పనిలేనప్పుడు ఫలకిక చిన్న పళ్ళెమువలె నునుపుగ ఉండి, ప్రవాహమున పోవుచుండును. రక్తనాళము తెగి, గోడలోని పీచు బయటపడగానే దాని రూపము మారును. పళ్ళెము పోయి, ముండ్లు లేచిన బంతివలె అగును, గాయమునకు అంటుకొనును. అంతటితో ఊరకుండక తనలోని కొన్ని పదార్థములను వెలిగ్రక్కి, దారిన పోవు ఇతర ఫలకికలను కేక వేసి పిలుచును. వలలో పెద్ద చేప పడినప్పుడు ఒక్క కేకకు ఒడ్డుననున్న వారందరును పరుగెత్తి వచ్చి త్రాడు పట్టుకొందురుగదా! ఇదియు అట్టిదే. ఫలకికలు ఇట్లు మేల్కొనుటనే వైద్యులు ఉత్తేజనము అందురు.

ఆ కేకలలో ఒకటి ఏడీపీ అను రసాయనము. దీని శక్తిని 1961లో నార్వే దేశపు శాస్త్రజ్ఞులు గుర్తించిరి. ఈ ఏడీపీకి అన్నవంటిది ఏటీపీ. అందు మూడు ఫాస్ఫేటు భాగములు, ఇందు రెండు. శరీరమున ప్రతి కణమునకును శక్తినిచ్చు ఆ ఏటీపీని 1929లో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కేతో కలిసి కనుగొన్నవాడు మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడ వేరుగ దానిని కనుగొనెను. గుండెకు స్టెంటు వేసినవారికి ఆస్పిరిన్‌తోపాటు క్లోపిడోగ్రెల్ వంటి మాత్ర నిత్తురు. అది చేయు పని, ఈ ఏడీపీ కేక ఫలకికల చెవిని పడకుండ చేయుటయే.

ఫలకికలు పోగై గండి పూడ్చిన పిదప, రక్తద్రవములోని ఫైబ్రినోజన్ అను మాంసకృత్తు ఫైబ్రిన్ అను దారములుగ మారి వాని చుట్టును వల అల్లును. ఈ వల గట్టిపడినప్పుడే గాయము పూర్తిగ మూతబడును. మరి ఈ పని ఒకసారి మొదలైన పిదప రక్తమంతయు ఏల గడ్డకట్టదు? ప్రకృతి పగ్గములను కూడ ఏర్పరచినది. రక్తనాళపు లోపలి పొర నైట్రిక్ ఆక్సైడును, ప్రోస్టాసైక్లిన్ అను పదార్థమును నిరంతరము విడుచుచు, ఫలకికలను శాంతపరచుచుండును. పని తీరిన వలను కరిగించుటకు ప్లాస్మిన్ అను మరియొక పదార్థము కలదు. కట్టుట, కరిగించుట — ఈ రెండును త్రాసులోని తట్టలవలె సమముగ నుండుటయే ఆరోగ్యము.

త్రాసు తలక్రిందులైనచో ఏమగునో నెల్లూరి సీమ రైతులకు చెప్పనక్కరలేదు. వరిచేలలో రక్తపింజర కరచినవాని చిగుళ్ళనుండి, గాయమునుండి రక్తము నిలువక కారును. ఆ పాము విషము రక్తములోని గడ్డకట్టు పదార్థములను అదుపు లేకుండ ప్రేరేపించి, అవి అన్నియు ఖర్చైపోవునట్లు చేయును. పిదప గాయమును పూడ్చుటకు మిగులునది ఉండదు. అందుచేతనే ఆసుపత్రిలో పాము కరచినవారి రక్తమును పొడి గాజుగొట్టమున పోసి, 20 నిమిషములు కదల్చక ఉంచి, పిదప వంచి చూతురు. గడ్డకట్టక జారినచో విషము రక్తమునకెక్కినట్లు లెక్క. విశాఖపట్టణమున పనిచేసిన స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1796లో కోరమండల తీరపు సర్పములపై ప్రకటించిన గ్రంథమున ఈ పామునకు ‘కాటుక రేకుల పొడ’ అను తెలుగు పేరునే వ్రాసినాడు. ఆంగ్లమున నేడు దీనికి ఆయన పేరే నిలిచియున్నది. 1934లో లండనులో మాక్‌ఫార్లేన్, బార్నెట్ అను వైద్యులు ఈ విషమునే మిక్కిలి పలుచనచేసి, హీమోఫీలియా రోగుల గాయములపై రక్తము నిలుపుటకు వాడి చూచిరి. ప్రాణము తీయునదియు, రక్తము నిలుపునదియు ఒక్కటే; భేదము కొలతలో, చోటులో మాత్రమే కలదు.

రక్తపింజర కాటు ఒక అంచు. మధుమేహము దానికి ఎదురు అంచువైపు మెల్లగ నడిపించును. ఇక్కడ గడ్డకట్టుటకు కావలసిన సరుకు తరుగదు. పైగా అవసరము లేని చోట, అవసరము లేని వేళ గడ్డకట్టు గుణము పెరుగును. పాము కాటు గంటలలో చేయు కీడును ఇది ఏండ్ల తరబడి, చప్పుడు లేకుండ సిద్ధము చేయును. ఎట్లనగా —

మొదటి మార్పు రక్తనాళపు గోడలో. చక్కెర ఎక్కువైన రక్తము నిత్యము ఒరసికొని పోవుటచే లోపలి పొర దెబ్బతినును. అది విడువవలసిన నైట్రిక్ ఆక్సైడు, ప్రోస్టాసైక్లిన్ తగ్గును. అనగా ఫలకికలకు జోలపాడు చేయి బలహీనపడును. దీనికి తోడు కొలెస్టరాల్ పేరుకొని గోడలో గట్టిదనము, గరుకుదనము ఏర్పడును. అట్టి చోట చిన్న పగులు పడినను ఫలకికలు దానిని గాయమనియే తలచును.

రెండవ మార్పు ఫలకికలలోనే. రక్తములోని చక్కెర మాంసకృత్తులకు అంటుకొను స్వభావము కలది. మూడు నెలల చక్కెర సగటు తెలుపు ఏవన్‌సి పరీక్షకు ఆధారము కూడ ఇదియే; ఎర్రకణములలోని హీమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అంటినదో ఆ పరీక్షలో చూతురు. అట్లే ఫలకిక పైపొరలోని మాంసకృత్తులకును చక్కెర అంటును. ఆ పొర మెత్తదనము తగ్గును. లోపల కాల్షియము పెరుగును. ఫలితముగ అది చిరాకుపడిన కాపలాదారువలె అగును. దొంగ వచ్చినప్పుడే కాక, ఆకు రాలినను కేక వేయును.

మూడవ మార్పు ఇన్సులిన్ విషయమున. ఇన్సులిన్ చక్కెరను కణములలోనికి పంపుటయే కాక, ఫలకికలను అదుపులో నుంచుటకును తోడ్పడును. పెద్దవయసున వచ్చు మధుమేహమున శరీరము ఇన్సులిన్ మాట వినదు. ఫలకికలును వినవు. ఆ పగ్గము కూడ ఇట్లు వదులగును. అంతేకాక, మధుమేహమున ఫలకికలు త్వరత్వరగ ఖర్చగుచు, మూలుగనుండి క్రొత్తవి ఎక్కువగ వచ్చుచుండును. ఈ క్రొత్తవి పాతవానికంటె పెద్దవి, చురుకైనవి.

నాలుగవది వలలో మార్పు. రక్తమున ఫైబ్రినోజన్ పెరుగును. ఫైబ్రిన్ వల సన్నని కన్నులతో, దట్టముగ అల్లుకొనును. దానిని కరిగించు ప్లాస్మిన్ పుట్టకుండ అడ్డుపడు పదార్థమొకటి కలదు. మధుమేహమున అదియు ఎక్కువగును. కట్టుట సులభము, కరుగుట కష్టము అయ్యెను. త్రాసు ఒకవైపునకు మొగ్గినది.

ఇక్కడ మరి రెండు మాటలు చెప్పవలెను. చక్కెర పెరిగినప్పుడే ప్రమాదమని, తగ్గినచో మేలేయని కొందరు తలచుచున్నారు. చక్కెర హఠాత్తుగ మరీ పడిపోయినప్పుడును శరీరము ఎడ్రినలిన్ అను రసమును విడుచును; అది ఫలకికలను రెచ్చగొట్టును. వేకువజామున మాత్ర మింగి, అన్నము తినక వేటకు పోవు మత్స్యకారులు ఇది గుర్తుంచుకొనవలెను. రెండవది నీరు. చక్కెర మితిమీరినప్పుడు మూత్రము ఎక్కువై శరీరము ఎండిపోవును. రోహిణికార్తె ఎండలో, ఉప్పుమళ్ళలో, రొయ్యల గుంటల గట్లపై పనిచేయువారికి ఈ ఎండుట ఇంకను ఎక్కువ. నీరు తరిగిన రక్తము చిక్కబడి, గడ్డకట్టుటకు మరింత అనువగును.

గడ్డ ఎక్కడ నిలిచిన అక్కడ ఆపద. గుండెకు రక్తమిచ్చు ధమనిలో నిలిచినచో గుండెపోటు. మెదడులో నిలిచినచో పక్షవాతము. కాలి ధమనిలో దారి మూసుకొన్నచో వ్రేళ్ళు నల్లబడి కుళ్ళుట. మధుమేహమున నరములు మొద్దుబారుటచే ఈ ఆపదలు మారువేషమున వచ్చును. జాబు వ్రాసిన శ్రోత తండ్రిగారి విషయమున జరిగినది ఇదియే కావచ్చును. గుండెపోటు అనగానే రొమ్ము పట్టుకొని పడిపోవుటయే అని మనము భావింతుము. మధుమేహము గలవారిలో నొప్పి లేకుండుట, లేక చాల తక్కువగ నుండుట కలదు. కారణము తెలియని చెమటలు, ఆయాసము, వాంతి, పైకడుపున బరువు, ఎన్నడు లేని నిస్సత్తువ — ఇవియే గుర్తులు కావచ్చును. పదేండ్లుగ షుగరు గల పెద్దలకు అర్ధరాత్రివేళ ఇట్టివి కనిపించినచో గ్యాసని సోడా త్రాపి తెల్లవారువరకు వేచియుండరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను.

మూతి వంకరపోవుట, ఒకవైపు చేయి లేవకుండుట, మాట తడబడుట — ఇవి పక్షవాతపు గుర్తులు. గడ్డను కరిగించు మందు సాధారణముగ మొదటి నాలుగున్నర గంటలలోపుననే ఈయగలరు. సముద్రతీరపు పల్లెనుండి నెల్లూరు చేరుటకు పట్టు కాలమును, స్కాను తీయుటకు పట్టు కాలమును అందు పోగా మిగులునది కొంచెమే. గుర్తులు మొదలైన సమయమును గోడపైనైనను వ్రాసిపెట్టుకొనుడు. వైద్యులు మొదట అడుగునది అదియే. పక్షవాతమని తోచినప్పుడు ఇంటనే ఆస్పిరిన్ మింగింపరాదు. మెదడులో రక్తనాళము చిట్లి రక్తస్రావమైనను అవే గుర్తులు కనిపించును. ఏది ఏదియో స్కాను చూచినగాని తెలియదు.

ఇక బిళ్ళ సంగతి. రక్తము పలుచబడు బిళ్ళ అని జనులు అనుచున్నారు. ఆ మాట సరికాదు. ఆస్పిరిన్ మింగినచో రక్తమున నీరు చేరదు, చిక్కదనము తగ్గదు. ఫలకికలు వేయు కేకలలో థ్రోంబాక్సేన్ అనునది మరియొకటి. అది తయారుకాకుండ ఆస్పిరిన్ అడ్డుపడును. ఆస్పిరిన్ వర్గపు మందులు పనిచేయు తీరును 1971లో ఇంగ్లండున జాన్ వేన్ వివరించెను. 1982లో నోబెల్ బహుమానము పొందిన వారిలో ఆయన ఒకరు. ఒకసారి ఆస్పిరిన్ తగిలిన ఫలకిక తన ఆయువు తీరువరకు ఆ కేక వేయజాలదు. మాత్ర మానినను దాని ప్రభావము కొన్ని దినములు నిలుచుటకు కారణమిదియే. పన్ను పీకించుకొనుటకు ముందు వైద్యులు దీనినిగూర్చి అడుగుటకును కారణమిదియే.

ఇంతవరకు విన్నవారు, మధుమేహమున ఫలకికలు చిరాకుపడుచుండగా అందరును ఆస్పిరిన్ మింగుట మేలుగదా యని తలపవచ్చును. వైద్యులును చాలకాలము అట్లే తలచిరి. దానిని తేల్చుటకు బ్రిటనులో పెద్ద పరీక్ష ఒకటి జరిగినది; ఫలితములు 2018లో ప్రకటించిరి. మధుమేహము ఉండియు అంతకుముందు గుండెపోటు గాని పక్షవాతము గాని రానివారు 15,480 మందిని తీసికొని, సగము మందికి రోజుకు 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, సగము మందికి మందులేని బిళ్ళ ఇచ్చి, సగటున 7 ఏండ్ల 5 నెలలు గమనించిరి. గుండెపోటు, పక్షవాతము వంటి తీవ్రమైన ఆపదలు ఆస్పిరిన్ వారిలో నూటికి 8.5 మందికి, ఇతరులలో 9.6 మందికి కలిగినవి. మేలు జరిగినమాట నిజము. కాని పెద్ద రక్తస్రావములు ఆస్పిరిన్ వారిలో నూటికి 4.1 మందికి, ఇతరులలో 3.2 మందికి కలిగినవి. నూరుమందిలో ఒకరికి ఆపద తప్పగా, ఇంచుమించు ఒకరికి క్రొత్త ఆపద వచ్చినది. కాపలాదారును నిద్రపుచ్చినచో ఇంటివారిపై అనవసరముగ కేకలు వేయడు. కాని నిజముగ గండి పడిననాడు లేచియు రాడు.

కాబట్టి వైద్యులు మనుష్యులను రెండు తెగలుగ చూచెదరు. ఇదివరకే గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకొన్నవారు, గడ్డచేత పక్షవాతము వచ్చినవారు మొదటి తెగ. వీరికి మేలు కీడుకంటె స్పష్టముగ ఎక్కువ. వీరు వైద్యుడు చెప్పక ఒక్కనాడైనను మాత్ర మానరాదు. స్టెంటు వేసిన క్రొత్తలో మందు హఠాత్తుగ మానినచో స్టెంటులోనే గడ్డకట్టి ప్రాణము పోవచ్చును. అట్టి ఆపద ఏదియు రానివారు రెండవ తెగ. వీరికి మాత్ర అవసరమా కాదా అనుట ఒక్కొక్కరి వయస్సు, రక్తపోటు, మూత్రపిండముల స్థితి, కడుపులో పుండు ఉండుట లేకుండుట చూచి వైద్యుడు నిర్ణయింపవలసినదే. పొరుగింటివాని చీటి మన మందుచీటి కాదు. డెంగ్యూ జ్వరమున ఫలకికలు పడిపోవును. ఆ సమయమున ఆస్పిరిన్ రక్తస్రావమును హెచ్చించును. నిత్యము మింగువారు జ్వరము రాగానే ఆ సంగతి వైద్యునికి చెప్పవలెను. మలము తారువలె నల్లగ పోయినను ఆలస్యము చేయరాదు.

మాత్రకంటె ముందు చేయదగినవి కలవు. వానివలన రక్తస్రావపు భయము లేదు. చక్కెరను అదుపున నుంచినచో ఫలకికల చిరాకు తగ్గును. రక్తపోటు అదుపున నుంచినచో గోడకు దెబ్బ తగ్గును. వైద్యుడు వ్రాసినచో కొలెస్టరాలును తగ్గించు స్టాటిన్ మాత్ర వాడుట మధుమేహమున గుండెకు మంచి రక్షణ. చుట్ట, బీడీ, సిగరెట్టు ఫలకికలను నేరుగ రెచ్చగొట్టును; వానిని మానుట ఏ మందునకును తీసిపోదు. కాలిన ఇసుకపై వట్టికాళ్ళతో నడచు అలవాటు తీరవాసులకు కలదు. మొద్దుబారిన పాదమునకు గవ్వ కోసినను తెలియదు. రోజును పడుకొనబోవుముందు అరికాళ్ళు చూచుకొనుటయు, చెప్పులు తొడుగుటయు అలవరచుకొనవలెను.

ఆహారమున నెల్లూరి తీరము అదృష్టము గలది. గ్రీన్‌లాండు వాసులు చేపలు, సముద్రజంతువుల మాంసము విరివిగ తినుటచే వారి ఫలకికలు మందముగ నుండునని 1970ల దశకమున డెన్మార్కు వైద్యులు బాంగ్, డయర్‌బర్గ్ గమనించిరి. ఆ నూనెగుణము మన కవళ్ళలోను, కానాగంతలలోను కలదు. కానాగంతకు శాస్త్రజ్ఞులు పెట్టిన కానగుర్త అను పేరు కూడ, పైన చెప్పిన రస్సెల్ విశాఖపట్టణపు చేపలపై వ్రాసిన గ్రంథమునుండి వచ్చిన తెలుగు పేరే. అయితే చేపనూనె గొట్టములు కొని మింగినచో సరిపోవునని తలపరాదు. పైన చెప్పిన 2018 నాటి పరీక్షలోనే చేపనూనె గొట్టములు ఇచ్చి చూడగా, తీవ్రమైన ఆపదలు 8.9, 9.2గ దాదాపు సమముగ నుండినవి. కూరలోని చేప మంచిదే; మాంసమునకు, వేపుడునకు బదులుగ తినవచ్చును. పులుసు బాగున్నదని మొలగొలుకుల అన్నము మరి రెండు ముద్దలు హెచ్చుట మంచిది కాదు. ఉప్పుచేప రక్తపోటును పెంచును. దానిని రుచికి మాత్రమే తినవలెను.

ఇప్పుడు జాబు వ్రాసిన శ్రోతకు మా సమాధానము. మీ అన్నగారికి గుండెపోటు గాని, స్టెంటు గాని, పక్షవాతము గాని రాలేదని మీ జాబునుబట్టి తోచుచున్నది. అది నిజమైనచో, పొరుగువారిని చూచి మింగు ఆ బిళ్ళను ఆయన తనంతట తాను కొనసాగింపరాదు. ఈ వారముననే వైద్యునికి చూపి, బిళ్ళ అట్టయు చేత తీసికొనిపోయి, తండ్రిగారి మరణమునుగూర్చి కూడ చెప్పి, మింగవలయునా మానవలయునా అని అడుగుడు. తండ్రికి వచ్చిన గుండెజబ్బు బిడ్డల విషయమున వైద్యుడు లెక్కలోనికి తీసికొనదగిన సంగతి. అదే సమయమున రక్తపోటు, ఏవన్‌సి, కొలెస్టరాల్, మూత్రపిండముల పరీక్షలు చేయించుడు.

మరియొక మాట. ఆ రాత్రి సోడా త్రాపినందుకు మీరు మనసులో క్రుంగుచున్నారేమో. నొప్పి లేని గుండెపోటును ఇంటివారు గుర్తింపలేకపోవుట వింత కాదు. మీరు మీకు తెలిసిన ఉపచారము చేసినారు. ఇకమీదట ఆ గుర్తులు మీకు తెలియును. మీ జాబు మూలముగ ఈ తీరమున మరి కొన్ని ఇండ్లకును తెలిసినచో, ఏదో యొక అర్ధరాత్రి ఎవరో ఒకరు సోడా వెదకుటకు మారుగ ఫోను అందుకొందురు.